ఉపోసథం నుండి భోజనశాల పలక వరకు: బౌద్ధదేశాల్లో శాకాహారాన్వేషణ

క్రీ.శ. 7వ శతాబ్దం తొలిభాగంలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ భారతదేశానికి వస్తూ దారిలో కూచా రాజ్యంలో ఆగాడు. అక్కడి రాజు ఆయనను ఆహ్వానించి విందు చేశాడు. వడ్డించిన పదార్థాలలో త్రికోటిపరిశుద్ధమైన మాంసం కూడా ఉంది. కూచా భిక్షువులు సర్వాస్తివాదులు. వారి వినయం ప్రకారం అది స్వీకరించదగిన ఆహారమే. హ్యూయన్‌త్సాంగ్ దానిని ముట్టలేదు. రాజు ఆశ్చర్యపోయాడు. అది క్రమోపదేశంలో అనుమతించిన విషయమనీ, తాను అభ్యసించిన మహాయానంలో అందుకు తావు లేదనీ వివరించి, ఆ భిక్షువు ఇతర పదార్థాలతో భోజనం ముగించాడు. ఆయన శిష్యుడు హుయిలీ రచించిన జీవితచరిత్రలో ఈ ఘట్టం ఉంది. వడ్డించిన రాజు తప్పు చేయలేదు, నిరాకరించిన అతిథీ తప్పు చేయలేదు. ఇద్దరూ బుద్ధవచనమనే నమ్మిక మీదనే నిలిచారు.

అదే యాత్రికుడు తరువాతి కాలంలో కృష్ణాతీరాన ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి అభిధర్మం చదువుకున్నాడు. నేడు ఆ ప్రయాణం ఎదురుదిశలో సాగుతున్నది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలను అధ్యయనం చేసినవారు తులనాత్మక పరిశోధన కోసం కొలంబోకు, బ్యాంకాక్‌కు, తైపేకు, క్యోటోకు, డున్‌హువాంగ్‌కు వెళుతున్నారు. నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు అక్కడ నివసిస్తున్నారు. వెళ్ళే ముందు గ్రంథాలయానుమతులు, వీసా పత్రాలు సిద్ధం చేసుకుంటారుగాని, భోజనం విషయం 'అవి బౌద్ధదేశాలే గదా' అన్న ధీమాకు వదలివేస్తారు. మొదటి వారంలోనే ఆ ధీమా సడలుతుంది. కొందరు అరటిపండ్లతో, రొట్టెతో రోజులు గడుపుతారు. మరికొందరు తమకు తెలియకుండానే చేపనీటితో ఉడికిన కూరను శాకాహారమనుకొని తింటారు.

ఆ దేశాల్లో శాకాహారశాలలకు కొరత లేదు. చిక్కంతా 'శాకాహారం' అన్న మాటతోనే వస్తున్నది. తెలుగువాని మనస్సులో ఆ మాటకు స్పష్టమైన హద్దులున్నాయి: పాలు, పెరుగు, నెయ్యి చెల్లుతాయి, గుడ్డు చెల్లదు, ఉల్లి, వెల్లుల్లి విషయం ఇంటి ఆచారాన్ని బట్టి ఉంటుంది. భారతదేశంలో ఆహార పొట్లాల మీద ముద్రించే ఆకుపచ్చ చుక్క కూడా దాదాపు ఇదే హద్దును చట్టంగా చేసింది. దేశం దాటితే ఈ హద్దు మరెక్కడా ఇదే చోట ఉండదు. ఒకచోట గుడ్డు శాకాహారమే, వెల్లుల్లి మాత్రం కాదు. మరొకచోట మాంసం వద్దంటే చేప తెచ్చి పెడతారు. ప్రతి హద్దు వెనుకా ఒక గ్రంథమో, ఒక సంప్రదాయమో ఉన్నది. ఆ గ్రంథాలు చదివినవారికి భోజనశాల పలక చదవడం కష్టం కాదు. కష్టపడుతున్నారంటే, చదివినదానిని వీధిలోకి తెచ్చుకోకపోవడం వల్లనే.

మహావగ్గంలో సీహ సేనాపతి వృత్తాంతం తరువాత వచ్చే అనుమతి, తనకోసం చంపినట్లు చూడని, వినని, అనుమానించని చేపమాంసాలకు వర్తిస్తుంది. మనుష్య, గజ, అశ్వ, శునక, సర్ప, సింహాది దశవిధ మాంసాలు ఎట్లాగూ నిషిద్ధం. మత్స్యమాంసాలను యావజ్జీవం విడువవలెనన్న దేవదత్తుని కోరికను శాస్త అంగీకరించలేదని చుల్లవగ్గం చెబుతున్నది. థేరవాద దేశాల భోజనశాలలన్నీ ఈ పునాది మీద ఉన్నాయి. లంకావతార సూత్రం మాంసభక్షణను ఒక పరివర్తం మొత్తంలో ఖండించింది. చీనాలో ప్రచారం పొందిన బ్రహ్మజాల సూత్రం బోధిసత్త్వ శీలాలలో మాంసంతోపాటు ఐదు ఘాటు మొక్కలను కూడా నిషేధించింది. (ఇది దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తం కాదు, 5వ శతాబ్దంలో చీనాలోనే రూపొందినదని పండితులు భావించే వేరే గ్రంథం.) లియాంగ్ వంశపు వూ చక్రవర్తి, 502 నుండి 549 వరకు పాలించినవాడు, భిక్షుభిక్షుణీ సంఘాలను సమావేశపరచి మద్యమాంసాలు విడువవలెనని శాసించాడు. చీనా, వియత్నాం, కొరియా, తైవాన్ విహారాల వంటశాలలు ఈ రెండవ పునాది మీద నిలిచినవి.

ఇక్కడ ఒక పదం ప్రయాణాన్ని గుర్తించాలి. ఉపోసథదినాన్ని, ఆ రోజు మధ్యాహ్నం దాటిన తరువాత ఆహారం విడిచే నియమాన్ని చీనా అనువాదకులు 'ఝాయ్' అనే ఒక అక్షరంతో సూచించారు. మొదట ఆ మాటకు అర్థం ఎప్పుడు తినాలన్నది. క్రమంగా అది ఏమి తినాలన్న అర్థానికి మారింది. ఝాయ్ అంటే మాంసంలేని భోజనమైంది. అదే అక్షరం వియత్నామీయుల నోట 'చాయ్' అయింది. దక్షిణ చీనా నుండి వలసవెళ్ళిన తియోచ్యూ వర్తకులతో థాయ్‌లాండ్ చేరి 'జే' అయింది. హనోయి వీధిలోని చాయ్ అంగడి పలక, బ్యాంకాక్‌లోని పసుపు జెండా, హాంగ్‌కాంగ్ భోజనశాలలోని 'అర్హతుల ఝాయ్' అనే కూర: ఈ మూడూ ఉపోసథ శబ్దానికి దూరపు వారసులే. ఈ సంగతి తెలిసినవానికి ఒక ఉపయోగం ఉంది. వియత్నాంలో, చీనాలో చాంద్రమాసపు మొదటి రోజున, పదిహేనవ రోజున అనేక గృహస్థులు శాకాహారం పాటిస్తారు. మామూలు రోజుల్లో మాంసమే అమ్మే చిన్న అంగళ్ళు కూడా ఆ రెండు రోజులు చాయ్ వంటకాలు చేస్తాయి. అవి తెలుగు పంచాంగంలోని అమావాస్య, పూర్ణిమలే. తేడా ఉంటే ఒక రోజు. కొత్త ఊరికి చేరినవారు ఆ రోజున వీధులు తిరిగితే, మంచి అంగళ్ళు ఎక్కడున్నాయో తేలికగా తెలిసిపోతుంది.

చీనాలో, తైవాన్‌లో అడగవలసిన మాట 'సు'. రంగు వేయని తెల్లని పట్టు అన్నది దాని పాత అర్థం; సాదా అన్నది తరువాతి అర్థం; నేడు మాంసంలేనిది. దీనికి వ్యతిరేకపదం 'హున్'. నేడు హున్ అంటే మాంసాహారమే అయినా, ఆ అక్షరం శిరస్సు మీద గడ్డిని సూచించే గుర్తు ఉంటుంది, ఎందుకంటే అది మొదట ఘాటు మొక్కలకు పేరు. మాంసాన్ని, వెల్లుల్లిని ఒకే గాట కట్టిన ఆలోచన ఆ ఒక్క అక్షరంలోనే కనిపిస్తుంది. తైవాన్‌లో సు అక్షరం రాసిన పలకలు, వాటి పక్కన స్వస్తిక చిహ్నం విరివిగా కనిపిస్తాయి. అక్కడ 2009 నుండి పొట్లాల మీద ఐదు తరగతులు విడివిడిగా ముద్రించాలి: పూర్తి సు, గుడ్డు సు, పాల సు, గుడ్డు-పాల సు, పంచఘాటు సు. గుడ్డును 'డాన్' అంటారు, పాలను 'నై' అంటారు. గుడ్డు తినని తెలుగువారికి మొదటిదీ మూడవదీ నిస్సందేహంగా చెల్లుతాయి. ఐదవది ఉల్లివెల్లుల్లి పడేవారి కోసం పెట్టిన తరగతి. అందులో గుడ్డు కూడా కలిసి ఉండవచ్చు గనుక ముడిపదార్థాల పట్టిక చూడక తప్పదు. ఇంత సూక్ష్మమైన విభజన మరే దేశపు పొట్లాల మీదా సులభంగా దొరకదు. శాకాహారికి తైవాన్‌కన్నా సుఖమైన విదేశం లేదనడం అతిశయోక్తి కాదు.

చీనా ప్రధానభూభాగంలో పరిస్థితి అంత సుకరం కాదు. విహారాలకు అనుబంధంగా ఉండే భోజనశాలలు, షాంఘైలో 1922లో స్థాపితమైన గోంగ్‌దెలిన్ వంటి పాత సంస్థలు నమ్మదగినవి. 'గుణవనం' అని చెప్పదగిన పేరు అది. అక్కడి పట్టికలో బాతు, చేప, పంది పేర్లు కనబడి కొత్తవారు వెనుదిరుగుతారు. అవి సోయా, గోధుమ పిండిజిగురు, పుట్టగొడుగులతో చేసిన అనుకరణలు మాత్రమే. అసలు ప్రమాదం సామాన్య భోజనశాలలో ఉంది. అక్కడ పాలకూర వేపుడు అడిగితే పందికొవ్వులో వేయించి ఇవ్వవచ్చు. టోఫు కూరలో పొడిమాంసం చల్లవచ్చు. వండినవాని దృష్టిలో అది కూరగాయల వంటకమే. 'మాంసం వద్దు' అనడంకన్నా 'నేను సు తింటాను' అనే అర్థంలో 'వో ఛ్ సు' అనడం మేలు. మొదటిది ఒక వంటకం గురించిన కోరికగా వినిపిస్తుంది. రెండవది వ్రతంగా వినిపిస్తుంది. వ్రతమని తెలిసినప్పుడు వంటవాడు నూనెను కూడా గుర్తు చేసుకుంటాడు.

ఘాటు మొక్కల విషయంలో తెలుగువారు పొరబడే చోటు ఒకటుంది. బ్రహ్మజాల సూత్రపు ఐదింటిలో వెల్లుల్లి, ఉల్లిజాతికి చెందిన మూడు మొక్కలు పోగా, ఐదవది ఇంగువ. చీనాలో చాలామందికి అది గ్రంథంలోని పేరు మాత్రమే. తెలుగింట అది ఉల్లికి బదులుగా, మడివంటలో, ప్రసాదపు పులిహోరలో సైతం వాడే ద్రవ్యం. ఉల్లివెల్లుల్లి లేవు గదా అని ఇంటినుండి తెచ్చిన సాంబారు పొడిని తైవాన్ భిక్షుణీవిహారపు వంటశాలకు కానుకగా ఇస్తే, అందులో ఉన్నది ఐదవ నిషిద్ధం. ఇచ్చినవారికి తెలియదు, పుచ్చుకున్నవారికి వాసన తెలియదు. అటువంటి పొడి ఇచ్చేటప్పుడు ముడిపదార్థాలు చెప్పి ఇవ్వడం కనీస మర్యాద. తైపేలోని భారతీయ భోజనశాలకు అక్కడి భిక్షువును ఆహ్వానించేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం; భారతీయ శాకాహారశాలలో ఉల్లివెల్లుల్లి లేని వంటకం అరుదు. ఇంతకూ పాలి వినయంలో వెల్లుల్లి నిషేధం ఉన్నమాట నిజమే, కాని దాని కారణం వేరు. వెల్లుల్లి తిన్న భిక్షువు ఇతరులకు వాసన తగులుతుందని ధర్మోపదేశవేళ దూరంగా కూర్చున్నాడు. రోగికి మాత్రం అనుమతి ఉంది. భిక్షుణులకు అది పాచిత్తియం.

థాయ్‌లాండ్‌లో రెండు మాటలున్నాయి, రెండూ వేరు. 'జే' అంటే మాంసం, గుడ్డు, పాలు, ఘాటు మొక్కలు ఏవీ లేనిది. పసుపు జెండా మీద ఎర్రగా రాసే ఆ థాయ్ అక్షరాలు, లిపి తెలియనివారికి 17 అంకెలా కనిపిస్తాయి. ఆ '17' కనబడిన బండి దగ్గర నిశ్చింతగా తినవచ్చు. చీనా పంచాంగపు తొమ్మిదవ నెల మొదటి తొమ్మిది రోజులు జరిగే జే ఉత్సవంలో, ముఖ్యంగా ఫుకెట్‌లో, వీధులన్నీ పసుపుమయం అవుతాయి. రెండవ మాట 'మంగ్సవిరత్'. మాంసవిరతి అని తెలుగువారు వెంటనే పోల్చుకోగలరు. దానిలో గుడ్డు, పాలు, వెల్లుల్లి ఉండవచ్చు. సంస్కృతం వినబడింది గదా అని ఆ మాటనే నమ్ముకుంటే గుడ్డు వస్తుంది. రెండు పలకలూ లేని అంగడిలో చేపనీరు, రొయ్యల ముద్ద లేని వంటకం దాదాపు లేదు. బొప్పాయి పచ్చడిలో కూడా అవి పడతాయి.

మయన్మార్‌లో 'తెత్తత్‌లుత్' అనాలి. ప్రాణహింస లేనిది అని అర్థం. ఆహారాన్ని పదార్థంతో కాక శీలంతో నిర్వచించిన ఈ పదం, తక్కిన అన్నింటికన్నా ప్రథమశీలానికి దగ్గరగా ఉంది. వర్షావాసంలో చాలామంది గృహస్థులు కొంతకాలం దీనిని పాటిస్తారు గనుక మాట అందరికీ తెలుసు. మిగిలిన రోజుల్లో 'న్గపి' అనే చేపముద్దను గమనించుకోవాలి.

శ్రీలంక తెలుగు భోజనానికి అన్నిటికన్నా దగ్గరిది; మోసం కూడా అక్కడే దగ్గరగా ఉంటుంది. అన్నం, పప్పు, కొబ్బరి, కరివేపాకు చూసి ఇల్లు గుర్తుకు వస్తుంది. కాని కొబ్బరి సంబోలులో, ఆకుకూర మల్లుంలో 'ఉంబలకడ' అనే ఎండుచేప పొడి కలపడం అక్కడి రివాజు. అది రుచికి వేసే దినుసు. దానిని ఎవరూ చేపగా లెక్కించరు. 'నిర్మాంస' అని అడిగి, ఆ తరువాత ఉంబలకడ లేదు గదా అని మరొకమారు అడగాలి. కొలంబోలో వెల్లవత్త ప్రాంతపు తమిళ శైవ భోజనశాలలలో ఆ రెండవ ప్రశ్న అవసరం ఉండదు. పోయ దినాన మద్యం, మాంసం అమ్మకం ఆగుతుంది. వేసక్ వేళ వీధుల్లో వెలిసే దన్సల్ అన్నదానశాలల్లో సాధారణంగా శాకాహారమే పెడతారు.

జపానులో పరిశోధకులను అన్నిటికన్నా బాధించేది ఒక రసం. 'దాషి' అనే ఆ వంటనీటిని ఎండు బొనీటో చేప తునకలతో కాస్తారు. మిసో పులుసు, నూడుల్సు ముంచే రసం, ఉడికిన ముల్లంగి, గుమ్మడి, అన్నీ దానితోనే. 'నికు వద్దు' అంటే జపానీయులు నాలుగుకాళ్ళ జంతువుల, పక్షుల మాంసం వద్దనే అర్థం చేసుకుంటారు. చేప ఆ మాటలోకి రాదు. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను సంవత్సరంలో కొన్ని నెలలు నిషేధించినప్పుడు కూడా చేప నిషేధంలో లేదు. అక్కడ అడగవలసిన మాట 'షోజిన్'. వీర్యపారమితలోని 'వీర్య' శబ్దానికి చీనా అనువాదకులు వాడిన పదమే అది. ప్రయత్నశీలుని ఆహారం అన్నమాట. దోగెన్ 1237లో విహార వంటవానికోసం ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. ఆ సంప్రదాయంలో దాషిని కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. కోయా పర్వతం మీది విహారవసతులలో, క్యోటో తెన్ర్యూజీ ప్రాంగణంలోని షిగెత్సులో, ఊజీలోని మన్‌పుకుజీలో ఈ భోజనం లభిస్తుంది. సామాన్యంగా ముందుగా చెప్పాలి, ధర కూడా ఎక్కువే. రోజూ తినగలిగేది కాదు. జపానీ అర్చకులతో భోజనానికి వెళ్ళినంత మాత్రాన శాకాహారం దొరుకుతుందని భావించరాదు. 1872లో ప్రభుత్వం అర్చకులకు మాంసభక్షణను, వివాహాన్ని వారి ఇష్టానికి వదలివేసింది. నివసించడానికి వెళ్ళినవారు కొంబు కొని గదిలో వండుకోవడమే చివరికి తేలే మార్గం.

కొరియాలో కిమ్చీ నిరపాయంగా కనిపిస్తుంది, కాని అందులో ఉప్పురొయ్యలు లేదా చేపపులుసు ఉంటుంది. 'సచల్ ఉమ్‌షిక్', అంటే విహారభోజనం, అని పలక ఉన్నచోట కిమ్చీ కూడా అవి లేకుండా, వెల్లుల్లి లేకుండా చేస్తారు. సియోల్‌లో జోగ్యే సంప్రదాయం వారు నడిపే బల్వూ గొంగ్యాంగ్ వీటిలో ప్రసిద్ధమైనది. పేరుకు అర్థం భిక్షాపాత్రలో సమర్పించే ఆహారం.

భిక్షువులకు పదార్థంతోపాటు కాలం కూడా ప్రశ్నే. వికాలభోజన నియమం గడియారపు 12 గంటలను కాక, స్థానిక సూర్యమధ్యాహ్నాన్ని అనుసరిస్తుంది. విజయవాడలో ఈ రెండింటికీ తేడా స్వల్పం గనుక ఎవరూ పట్టించుకోరు. టోక్యోలో నవంబరు మొదట్లో సూర్యుడు 11:25 ప్రాంతంలోనే నడినెత్తిన ఉంటాడు. అక్కడ చాలా భోజనశాలలు 11:00కో 11:30కో తెరుస్తాయి. పదకొండున్నరకు కూర్చున్న భిక్షువు అప్పటికే కాలం దాటిపోయాడు. చీనా అంతటా ఒకే గడియారం నడుస్తుంది గనుక డున్‌హువాంగ్‌లో మధ్యాహ్నం సుమారు 1:40కి వస్తుంది. అక్కడ గుహచిత్రాలు చూసి 12:30కి వచ్చిన థేరవాద భిక్షువు, వేళ మించిందనుకొని ఆకలితో గదికి పోనవసరం లేదు.

ధనస్పర్శ విడిచినవారికి తోడుగా కప్పియకారకుడు ఉండాలన్నది తెలిసినదే. అంతగా ఆలోచించని విషయం మరొకటి ఉంది. తూర్పు ఆసియా నగరాల సముద్రాహారశాలలలో చేపలను గాజుతొట్టెలలో బతికే ఉంచి, అతిథి అడిగిన తరువాత చంపి వండుతారు. శాకాహారం పాటించని థేరవాద భిక్షువును సదస్సు నిర్వాహకులు గౌరవంతో అటువంటి చోటికి తీసుకుపోతే, త్రికోటిపరిశుద్ధి ఆ తొట్టె దగ్గరే భగ్నమవుతుంది: చూశాడు, విన్నాడు, తనకోసమేనని ఎరుగును. అంగడిలో ముందే కోసి ఉన్న మాంసానికి వర్తించే అనుమతి దానికి వర్తించదు. బల్ల ముందు కూర్చున్న తరువాత నిరాకరిస్తే ఆతిథ్యం ఇచ్చినవారు నలుగురిలో చిన్నబుచ్చుకుంటారు. ఆహ్వానపత్రానికి జవాబు రాసేటప్పుడే ఒక వాక్యంలో చెప్పడం ఇద్దరికీ క్షేమం. కూచా రాజుకు ముందుగా వార్త అంది ఉంటే ఆశ్చర్యపోయే అవసరమే ఉండేది కాదు.

చరవాణి పటాలలో వెతికేవారు ఇంగ్లీషు మాటతో గాక, సు, చాయ్, జే, షోజిన్ పదాలను స్థానిక లిపిలోనే అతికించి వెతికితే, విదేశీయులెరుగని చిన్న అంగళ్ళు అనేకం బయటపడతాయి. చీనా, వియత్నామీ, థాయ్ భాషలలో స్వరం మారితే అర్థం మారుతుంది గనుక నోటిమాటను నమ్ముకోరాదు. స్థానిక సహాధ్యాయి చేత చిన్న అట్టముక్క మీద రాయించుకోవాలి: మాంసం, చేప, రొయ్య, వాటితో కాచిన రసం, జంతువు కొవ్వు, గుడ్డు తినను, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఫరవాలేదు. చివరి మూడింటినీ చాలామంది రాయించడం మరచిపోతారు. అవి లేకపోతే కాషాయం చూసిన వంటవాడు అన్నింటినీ తీసివేసి, ఉప్పు వేసి ఉడికించిన టోఫు ముక్క తెచ్చి పెడతాడు.